చివరి బ్యాచ్

మా వదిన రిటైరైన సందర్భంగా, ఆవిడను సంతోషపెట్టాలని అందరం కలిసి సముద్రం ఒడ్డుకి వెళ్లాం. అక్కడ విల్లా వెతికింది ఆవిడే. ఓనరుతో మాట్లాడింది ఆవిడే. వ్యాను కుదిర్చింది, ఎవరు ఏ సీట్లో కూర్చోవాలో చెప్పింది, దారిలో వాంతులొచ్చే పిల్లలకు కవర్లు పంచింది కూడా ఆవిడే. మేం చేసిందల్లా "ఈసారి అంతా నీ కోసమే" అని అందరం ఒకే గొంతుతో అనడం. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

వదిన అంటే మా ఆయనకు పెద్దక్క. ఆవిడ తర్వాత బావగారు, ఆయన తర్వాత మా ఆయన, చివర చిన్నాడపడుచు. తల్లిదండ్రులు పోయాక ఈ ముగ్గుర్నీ చదివించి, పెళ్లిళ్లు చేసి, ఒక దారికి తెచ్చింది వదినే. తను మాత్రం చేసుకోలేదు. ఎందుకని అడిగితే "కుదరలేదు" అంటుంది, అదేదో బస్సు అందలేదన్నంత తేలిగ్గా.

ఆవిడ ఉద్యోగం బస్సు డిపోలో డ్యూటీలు వేయడం. ఏ డ్రైవరు ఏ బస్సెక్కాలి, ఏ కండక్టరు ఏ రూటుకు పోవాలి, ఎవరు రాత్రికి పైఊళ్లో ఆగిపోవాలి, అంతా ఆవిడ నోటి మీదే నడిచేది. నేనొకసారి క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి ఆ గది చూశాను. తలుపు కింది సగం మూసి, పై సగం తీసి ఉంటుంది. ఆ సగం తలుపు మీద మోచేతులాన్చి డ్రైవర్లు ఒకరి మీద ఒకరు పడి అరుస్తుంటారు. "అక్కా, ఆ ఘాట్ రోడ్డు నా వల్ల కాదు." "అక్కా, వాడితో నాకు డ్యూటీ వేయకు, వాడి మొహం చూడలేను." వదిన ఎవరి మీదా విసుక్కోదు. అందరి మాటా విని, పెన్ను చెవి వెనక పెట్టుకుని ఒక్క క్షణం ఆలోచిస్తుంది. తర్వాత ఆవిడ చెప్పిందే డ్యూటీ. ఇక ఎవరూ నోరెత్తరు.

ఆవిడ పద్ధతి నాకు ఆ రోజే చెప్పింది. "మనుషుల్ని ఏం కావాలని అడగకూడదమ్మా. అడిగితే తెల్లారినా తేలదు. ఏది కుదరదో చెప్పమను, టకటకా చెప్తారు. కుదరనివన్నీ తీసేస్తే మిగిలిందే పని."

ఆదివారం వస్తే డిపో నుంచి సముద్రానికి స్పెషల్ బస్సులు వెళ్తాయి. ఏళ్ల తరబడి వాటిని పంపింది వదినే. ఒక్కసారైనా ఎక్కింది లేదు. ఆదివారమే కదా డిపోలో అసలు గోల. "సముద్రం వాసన నాకు తెలుసులే. సాయంత్రం బస్సులు కడిగేటప్పుడు వస్తుంది" అనేది నవ్వుతూ. ఆవిడ నవ్వింది కదా అని మేమూ నవ్వేవాళ్లం.

రిటైరయ్యే వారం బావగారు అడిగారు, ఏం కావాలక్కా అని. ఎవరూ ఆవిడనెప్పుడూ ఆ ప్రశ్న అడిగినట్టు లేదు. ఆవిడ కాస్త సిగ్గుపడుతూ అంది. "ఒకసారి సముద్రంలో దిగాలని ఉందిరా. అందరం కలిసి."

దానికేం భాగ్యం అన్నాం. వెళ్లి తీరాల్సిందే అన్నాం. ఆ తర్వాత ఎవరి పనుల్లో వాళ్లం పడిపోయాం. చూసి చూసి వదినే ఫోనులో విల్లాలు వెతకడం మొదలుపెట్టింది. అలవాటు ఎక్కడికి పోతుంది, ఒక్కొక్కరికీ ఫోను చేసి ఏది కుదరదో అడిగింది. బావగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లుంటే కుదరదు. మా తోడికోడలికి అలల చప్పుడుంటే నిద్ర పట్టదట, మరీ ఒడ్డు మీద కుదరదు. వ్యాను నడిపేది మా ఆయన, ఆయనకు అది కళ్లెదురుగా ఉండాలి, రోడ్డు మీద పెట్టడం కుదరదు. చిన్నాడపడుచుకు నడక నేర్చిన పాప, తిన్నగా నీళ్లలోకి దారి ఉంటే కుదరదు, చుట్టూ గోడ కావాలి. నేనూ తక్కువ తినలేదు, వంట నా వల్ల కాదన్నాను.

ఇవన్నీ తీసేస్తే ఏం మిగులుతుంది? మనిషెత్తుకు మించిన ప్రహరీగోడ, ఇనుప గేటు, సిమెంటు వాకిలి, ఒకే అంతస్తు ఇల్లు. దానికీ సముద్రానికీ మధ్య ఇంకో వరస ఇళ్లు, ఒక కార్ల షెడ్డు, ఒక ఖాళీ స్థలం. అలలు కనపడవు, వినపడవు. హాల్లో గోడ మీద మాత్రం ఇంత పెద్ద సముద్రం బొమ్మ వేలాడదీశారు.

బావగారు వ్యాను దిగి, నడుము మీద చేతులు పెట్టుకుని, నాలుగు దిక్కులూ చూశారు. "అక్కా, సముద్రం ఏదీ?"

"గోడ అవతల. కాస్త నడిస్తే వస్తుంది" అంది వదిన.

"నడవాలా?" అంది తోడికోడలు, మూతి ముడుచుకుని. "సముద్రం కనపడని దానికి ఇంతదూరం రావడం ఎందుకు? ఊళ్లోనే ఏదో లాడ్జిలో దిగితే పోయేది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "చప్పుడు వద్దన్నది మీరే కదక్కా!" అన్నాను. తోడికోడలు నన్ను కొరకొరా చూసింది. వదిన నా చెయ్యి నొక్కి ఊరుకోమంది. ఎవరేమన్నా కడుపులో దాచుకోవడం ఆవిడకు ఉద్యోగంతో వచ్చిన జబ్బు.

అసలు తిప్పలు ఆ తర్వాత మొదలయ్యాయి. వాచ్‌మన్ వచ్చి తాళంచెవి ఇచ్చాడు. ఒక్కటే చెవి. అదీ ఇంటి తలుపుకే. గేటు దానంతటదే పడిపోతుంది, బయటి నుంచి తెరుచుకోదు, లోపల మనిషి లేకపోతే వెనక్కి వచ్చినవాళ్లు రోడ్డు మీదే. ఇసక కాళ్లతో లోపలికి రాకూడదు, పెరటి కుళాయి దగ్గర కడుక్కోవాలి. ట్యాంకు చిన్నది, మోటారు వేసుకుంటూ ఉండాలి. కట్టేయడం మరిచిపోతే నీళ్లు పక్కింటి గోడ మీదికి పోతాయి, ఆ ఇంటాయన ఒంటికాలి మీద లేస్తాడు. ఇన్ని చెప్పి, "ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలమ్మా" అని చేతులు దులుపుకుని వాచ్‌మన్ వెళ్లిపోయాడు.

అందరం వదిన వైపు చూశాం. పెన్ను లేకపోయినా ఆవిడ చెయ్యి చెవి దగ్గరికి వెళ్లింది. "బ్యాచులుగా వెళ్దాం. ఎండ ముదరకముందే పెద్దవాడి కుటుంబం. వాళ్లు రాగానే రెండోవాడి కుటుంబం. ఎండ తగ్గాక చిన్నది, పాప."

చక్కగా కుదిరింది. ఎవరికీ ఇబ్బంది లేదు. బావగారు "మా అక్క ప్లానంటే ప్లానే" అని మెచ్చుకుని తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరారు.

మా వంతు వచ్చింది, వెళ్లాం, వచ్చాం. అలలు బాగున్నాయి, అబద్ధం చెప్పను. తిరిగి వచ్చేసరికి వదిన పెరట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చేతిలో రబ్బరు గొట్టం పట్టుకుని కూర్చుంది. పిల్లల కాళ్లు, చెవుల వెనక, జుట్టులో ఇసక కడుగుతూ, "లోపల అలలు ఎంత ఎత్తొచ్చాయి? ఉప్పు నీళ్లు మింగావా? కాళ్ల కింద ఇసక జారిపోతుందంటారు, నిజమేనా?" అని ఒక్కొక్కర్నే అడుగుతోంది. అప్పుడు తట్టింది నాకు.

"వదినా, మీరు ఏ బ్యాచ్?"

"చివరి బ్యాచ్‌లేమ్మా."

"చివరి బ్యాచ్‌లో ఎవరెవరు?"

ఆవిడ గొట్టం ఇంకో పిల్లాడి వైపు తిప్పింది. డ్యూటీలు వేసే మనిషికి డ్యూటీ ఎవరు వేస్తారు? అన్నేళ్లుగా ఆ సగం తలుపు వెనక కూర్చుని అందరి పేర్లూ సర్దిన మనిషి, తన పేరు ఎక్కడ రాయాలో కూడా తెలియకుండా అయిపోయింది. ఆ కోపం ఆవిడ మీదో మా మీదో నాకే తెలియలేదు.

సాయంత్రం చిన్నాడపడుచు పాపనెత్తుకుని తిరిగొచ్చింది. వదిన గదిలోకి వెళ్లి బట్టలు మార్చుకుని వచ్చింది. నీళ్లలో దిగడానికని ప్రత్యేకంగా కొనుక్కున్న ముదురు నీలం జత. తడిసినా ఒళ్లు కనపడకూడదని దుకాణంలో గుడ్డను వెలుతురుకు పట్టి మరీ చూసిందట. భుజం మీద తువ్వాలు, కాళ్లకు కొత్త చెప్పులు. పెళ్లిచూపులకు కూర్చున్నట్టు గుమ్మంలో నిలబడి "బాగుందా?" అని అడిగింది. "బ్రహ్మాండంగా ఉంది, పదండి, నేనూ వస్తాను" అన్నాను.

సరిగ్గా అప్పుడే బావగారు జేబులు తడుముకుంటూ గదిలోంచి వచ్చారు. "అక్కా, నా కళ్లజోడు చూశావా?"

పొద్దున సముద్రంలో జేబులోంచి జారిపోయింది. ఆయన పడుకుని లేచేదాకా గమనించలేదు! అది లేకపోతే ఆయనకు ఫోనులో అక్షరం కనపడదు. ఇక ఇల్లంతా ఒకటే హడావుడి. రేపు చూసుకోవచ్చు కదా అంటే బిక్కమొహం వేశారు. ఆ మొహం చూసి వదిన నీలం జత మీదే మామూలు చొక్కా తొడుక్కుని, తమ్ముడి చెయ్యి పట్టుకుని కళ్లజోళ్ల దుకాణం వెతుక్కుంటూ వెళ్లింది. నేను గేటు దగ్గర నిలబడి పళ్లు నూరుకున్నాను. వాళ్లు వచ్చేసరికి చీకటి పడింది. చీకట్లో నీళ్లలోకి ఎవర్నీ వదలరు.

తెల్లారితే విల్లా ఖాళీ చేయాలి. దుప్పట్లు మడవడం, ఫ్రిజ్‌లో మిగిలినవి సర్దడం, మంచాల కింద పిల్లల సాక్సులు వెతకడం, అన్నిటికీ "అక్కా", "వదినా", "అత్తా". నేను ఆవిడ చేతిలో చీపురు లాక్కున్నాను. "ఇవన్నీ ఎలా పోతే అలా పోతాయి. మీరు ముందు వెళ్లి రండి."

"వీళ్లని బయల్దేరదీయనీమ్మా. దారిలో బీచ్ రోడ్డు మీదుగానే కదా పోవాలి. అక్కడ ఆపమంటాను" అంది. అప్పుడు కూడా ఆవిడకు మా మీద నమ్మకమే.

వ్యాను బీచ్ రోడ్డు ఎక్కింది. ఎడం పక్క సముద్రం, ఎండలో తళతళలాడుతోంది. వదిన ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "కాసేపు ఆపుదామా? ఒక్క మునక వేసి వస్తాను" అంది. మా ఆయన వ్యాను పక్కకు తీసి ఆపారు గానీ ఇంజను ఆపలేదు.

"ఇప్పుడా? మధ్యాహ్నం దాటితే ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాం అక్కా" అన్నారు.

"పాప ఇప్పుడే పడుకుంది. ఆగితే లేస్తుంది" అంది చిన్నాడపడుచు.

"తడి బట్టలతో వ్యానెక్కితే సీట్లన్నీ పాడవుతాయి" అంది తోడికోడలు.

బావగారు కొత్త కళ్లజోడు సర్దుకుంటూ, "మళ్లీ ఇసకా? అందరూ శుభ్రంగా స్నానాలు చేసి కూర్చున్నారు కదా. వచ్చే ఏడు మళ్లీ వద్దాంలే అక్కా. నువ్వే చూడు మంచి విల్లా, ఈసారి సముద్రం కనపడేది" అన్నారు.

వదిన ఎవరి మాటా మధ్యలో ఆపలేదు. అందరిదీ పూర్తిగా విన్నది. తర్వాత దారిలో ఓనరుకి ఇచ్చేయాల్సిన విల్లా తాళంచెవి తీసి బావగారి ఒళ్లో పెట్టి, తన సంచీ తీసుకుని, తలుపు తెరుచుకుని దిగింది.

"ఎక్కడికక్కా?"

"సముద్రంలోకి. మీరు వెళ్లండి, నేను బస్సులో వస్తాను."

"ఈ తాళం ఎక్కడివ్వాలి?"

"ఏమో. ఫోన్ చేసి కనుక్కో."

ఆవిడ నోట "ఏమో" అన్న మాట నేను వినడం అదే మొదలు. నేను గబగబా లేచి "నేనూ వస్తాను వదినా" అన్నాను. ఆవిడ నా వైపు చూసింది. కోపం లేదు. ఉంటే బాగుండేది.

"వద్దమ్మా. నువ్వొస్తే నీ తువ్వాలు ఎక్కడుందో చూడాలి. నాకు ఎవర్నీ చూసుకోకుండా ఒక్కసారి దిగాలని ఉంది."

తలుపు వేసి వెళ్లిపోయింది. చెప్పులు చేతిలో పట్టుకుని ఇసకలో నడిచింది. నీలం జత సంచీలోనే ఉంది, మార్చుకోలేదు. సంచీ, చెప్పులు ఒడ్డున పడేసి, ఉన్న బట్టలతోనే నీళ్లలోకి నడిచింది. పాదాలు, మోకాళ్లు. ఒక అల వచ్చి కొడితే తూలి, నిలదొక్కుకుని, మళ్లీ లోపలికే నడిచింది.

వ్యానులో అందరం అద్దాలకు అతుక్కున్నాం. ఇంజను నడుస్తూనే ఉంది. బావగారు మెల్లగా అడిగారు.

"అక్కకి ఈతొచ్చా?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన చెల్లెలి వైపు చూశారు. ఆ ముగ్గుర్నీ ఎత్తుకుని పెంచిన మనిషికి ఈత వచ్చో రాదో ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు.

అందరం ఒక్కసారిగా దిగాం. నిద్రపోతున్న పాపతో సహా, బూట్లతోనే ఇసకలో పడి పరుగెత్తాం. ఒడ్డున నిలబడి "అక్కా! వదినా!" అని గొంతు చించుకున్నాం. వదిన నడుము లోతులో ఉంది. మా అరుపులు విన్నట్టే ఉంది, చెయ్యెత్తి, వెళ్లండి వెళ్లండి అన్నట్టు వెనక్కి ఊపింది. మా వైపు మాత్రం తిరగలేదు.