కొస ముడి వేయని కుల్ల

భయం పట్టుకున్న రోజు అల్లిన వరుస ఏదో నేను చూడగానే చెప్పగలను. దారం బిగుసుకుపోయి ఉంటుంది, సూది మొన దూరదు, అంచు లోపలికి ముడుచుకుంటుంది. గద్వాలలో మా ఇంటి టీపాయ్ మీద పరిచిన గుడ్డ ఒక మూల సాఫుగా, ఇంకో మూల ఎగదన్నినట్టు ఉండడానికి కారణం అదే. చుట్టాలొస్తే ఆ మూల మీద మంచినీళ్ల జగ్గు పెడతాను.

నాకు క్రోషియా నేర్పింది మా ఎదురింటి ముస్లిం అక్క, మేమంతా ఆపా అంటాం. ఆమె గుమ్మానికి తెల్ల నూలు తోరణం ఒకటి వేలాడుతుండేది. ఏళ్లుగా చూస్తూ కూడా అది ఎవరల్లారని నేనెప్పుడూ అడగలేదు. వనపర్తిలో ఉండే మా చెల్లెకు రెండోసారి కూడా కడుపు నిలవలేదని ఫోన్ వచ్చిన వారం, బడి నుంచి వచ్చి గడపలో కూర్చుని గోళ్లు కొరుక్కుంటుంటే, ఆపా వీధి దాటి వచ్చి ఒక కొక్కెపు సూది, ఒక దారపు ఉండ నా ఒళ్లో పడేసింది.

"జర చేతులకు పని ఇయ్యి బేటా. దిమాగ్ అదే సల్లవడ్తది," అంది.

దిమాగ్ చల్లబడలేదు. ఫోన్ మోగితే ముందు చెడు కబురే అనుకునే రకం నేను. పిల్లలకు పాఠం చెబుతూ కూడా ఇంట్లో గ్యాస్ కట్టేశానా లేదా అని ఆలోచించే మనిషిని. కానీ అల్లుతున్నంతసేపూ బెంగ పక్కకు జరిగి కూర్చునేది. పూర్తిగా పోయేది కాదు, చోటిచ్చేది. అంతమాత్రం చాలని నేను దాన్ని పట్టుకున్నాను.

క్రోషియాలో ఒక విచిత్రం ఉంది. ఎంత పెద్ద దుప్పటి అల్లినా సూది మీద మిగిలేది ఒక్క కన్నే, ఒక్క దారపు ఉచ్చు. చివరికి ఆ కన్నులోంచి దారం లాగి కొస ముడి వేస్తేనే అల్లిక నిలుస్తుంది. వెయ్యకుండా కొస పట్టి గుంజితే ఎన్నాళ్ల పనైనా సర్రున ఊడి మళ్లీ దారమైపోతుంది. ఈ సంగతి మొదటిరోజే చెప్పి ఆపా నేనల్లిన గొలుసును నాతోనే ఊడగొట్టించింది. ఊడితే ఏడవద్దని నేర్పడానికట.

తర్వాత మాకు తోడు దొరికారు. వనపర్తి నుంచి బట్టలు కుట్టే ఒకామె, ఇటిక్యాల నుంచి ఒక అంగన్‌వాడీ టీచరు, కర్ణాటక సరిహద్దులోని గట్టు నుంచి సగం తెలుగు సగం కన్నడం కలిపి వాయిస్ మెసేజీలు పెట్టే ఒక పెద్దమ్మ, ఇంకా కొందరు. వాట్సాప్‌లో గ్రూపు పెట్టుకున్నాం. ఒకరు ఫోన్ సంచి అని మొదలుపెట్టి బియ్యం పట్టేటంత సంచి చేసి ఫొటో పెడితే, "మీ ఫోన్ ఏ మిల్లుది?" అని మిగతావాళ్లు ఆటపట్టించేవాళ్లు. మన ఎండలకు ఊలెందుకు, నూలు దారమే మేలని ఒకరంటే, నూలు ఉతికితే దగ్గర పడుతుందని ఇంకొకరు తగవుకొచ్చేవాళ్లు. పసిపిల్లల వస్తువులకు పూసలు పెట్టవద్దు, వేళ్లు ఇరుక్కునే పెద్ద కన్నాలు వద్దు, తలకు పెట్టేదాని లోపల ముడి వద్దు, ఒరుసుకుంటుంది. ఇవన్నీ నేను అక్కడ నేర్చుకున్నవే.

ఆ తర్వాత మా చెల్లె మళ్లీ నీళ్లోసుకుంది. ఈసారి నెలలు గడిచాయి, గండం దాటినట్టే కనిపించింది. అమ్మ ఆమెను వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్‌కు, తన ఇంటికి తెచ్చుకుంది. తెచ్చుకున్న రోజే నాకు ఫోన్ చేసింది.

"నీ దారాలు, నీ సూదులు ఆడ్నే పెట్టి రా. పిల్ల పుట్టకముందే కుల్ల కుట్టినట్టు చెయ్యకు. పోయినసారి మీ మరిది కొన్న గౌను ఇంకా బీరువల్నే ఉన్నది. దాన్ని సూస్తె నాకు కడుపుల పేగు కదుల్తది."

మా ఇళ్లలో పుట్టబోయే బిడ్డకు ముందుగా ఏదీ సిద్ధం చెయ్యరు. పుట్టాక పాత ధోతి ముక్కలో చుడతారు, కుల్లాయి, అంగీ అన్నీ ఆ తర్వాతే. సామెతల్ని సైన్సులా నమ్మే అమ్మ మీద నాకు చిరాకేసింది. ఇంకా చిరాకు ఏమిటంటే, నాకూ లోపల భయమేసింది. ఆ భయంతో చేతులు ఊరుకోలేదు. ఏది మొదలుపెట్టినా చివరికి అది గుండ్రంగా తిరిగి కుల్ల ఆకారమే అవుతోంది.

ఆపాకు చెప్పుకున్నాను. "అల్లుకో. కొస ముడి మాత్రం వెయ్యకు. ముడి పడందాన్ని కుల్ల ఎవరంటరు? దారం అంటరు," అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. వకీలు కూడా అంత మంచి దారి చూపించడు. లేత పసుపు నూలుతో కుల్ల అల్లాను. చివరి కన్ను ఊడకుండా ఒక పిన్నీసు పెట్టి, ముడి వెయ్యకుండా వదిలేశాను. మా గ్రూపులో ఫొటో పెట్టలేదు. దిష్టి మీద నమ్మకం లేదంటూనే పెట్టలేదు.

ఎండాకాలం సెలవులివ్వగానే వనపర్తిలో బస్సు మారి నాగర్‌కర్నూల్ వెళ్లాను. కుల్ల నా సంచి అడుగున, చీరల కింద. మామిడికాయ తొక్కు సీసా కోసమని అమ్మ ఆ సంచిలో చెయ్యి పెట్టింది. సీసా కన్నా ముందు కుల్ల బయటికొచ్చింది.

అమ్మ దాన్ని వెలుతురుకు పట్టి తిరగేసి చూసింది.

"అది కుల్ల కాదమ్మా," అన్నాను తొందరగా. "సూడు, కొస ముడి వెయ్యలే. ముడెయ్యకుంటె అది దారమే."

అమ్మ పిన్నీసు తీసింది. "కుల్ల గాకుంటె నేను ఇప్పితె నీకేంది?"

కొస పట్టుకుని గుంజింది. నా రెండు వారాల పని నా కళ్లముందే వరుస వెంట వరుస ఊడిపోయింది. దారం వృథా చెయ్యడం ఆమెకు చేతకాదు కాబట్టి, ఊడిన దాన్నంతా వేళ్లకు చుట్టి చక్కగా ఉండ చేసింది. మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చున్న మా చెల్లె అంతా చూసింది. "అమ్మను ఏమనకక్కా," అని మాత్రం అంది. నేను మూతి ముడుచుకుని వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

మర్నాడు పొద్దున చెల్లెకు తలనొప్పి మొదలైంది. పాదాలు ఉబ్బాయి, కళ్లముందు మెరుపులొస్తున్నాయంది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. బీపీ బాగా పెరిగింది, ఆగితే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ముప్పేనంది డాక్టరమ్మ. మధ్యాహ్నానికి ఆపరేషన్ అయిపోయింది. ఆడపిల్ల. నెలలు నిండలేదు. మాకు చూపించీ చూపించకుండానే లోపలి గదిలో వేడి పెట్టెలో పెట్టారు.

చెల్లెకు ఫరవాలేదన్నారు. బిడ్డ గురించి ఎవరూ అంత మాట అనలేదు. "సూడాలె" అన్నారు. ఆ మాట కన్నా నన్ను భయపెట్టిన మాట ఇంకోటి లేదు.

వరండాలో బెంచీ మీద నేనూ అమ్మా కూర్చున్నాం. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చున్నాం. వద్దన్న కుల్ల నేను అల్లాను. నా బుర్రలో అదొక్కటే తిరుగుతోంది. పదో తరగతి పిల్లలకు మూఢనమ్మకాల మీద వ్యాసం రాయించే దాన్ని, ఆ బెంచీ మీద కూర్చుని నేనల్లిన ప్రతి వరుసకూ మనసులో క్షమాపణ చెప్పుకున్నాను. సిగ్గేసింది, అయినా ఆగలేకపోయాను.

కాసేపటికి నర్సమ్మ బయటికొచ్చింది. "పాప తలకు టోపీ కావాలె. నూలుది తెండి, ఊలుది వద్దు. బజార్ల దొరికేటియి పెద్దగుంటయి, కండ్ల మీదికి జారుతయి. జర చిన్నది సూడుండ్రి. ఉడుకునీళ్లల్ల ఉతికి, మంచిగ ఎండవెట్టి తెండి." తల ఎంతుందో పిడికిలి మూసి చూపించింది. బత్తాయి పండంత. నేను ముందు అల్లింది ఊడకుండా ఉన్నా పనికొచ్చేది కాదు.

నేను లేచి బజారుకు పోబోయాను. అమ్మ నా కొంగు పట్టుకుంది. తన సంచిలోంచి ఆ పసుపు దారపు ఉండ తీసి నా చేతిలో పెట్టింది. పారేసి ఉంటుందనుకున్నాను. దవాఖానకు బయల్దేరే హడావిడిలో దాన్ని ఎప్పుడు సంచిలో వేసుకుందో నాకు తెలియదు.

"అల్లు," అంది.

సూది ఎప్పుడూ నా కొప్పులోనే ఉంటుంది. తీశాను. మొదటి చుట్టే బిగుసుకుపోయింది. ఊడదీశాను. మళ్లీ బిగుసుకుంది. అది కుల్ల కాదు, చింతగింజంత గట్టి ముద్ద. ఆపాకు ఫోన్ చేస్తే ఏడుపొచ్చింది.

"ఏడ్చుడు బాద్‌ మే పెట్టుకో. దారం వేలికి చుట్టకు, ఉత్తగ తగిలియ్యి. ఊపిరి ఇడిసినప్పుడే సూది గుంజు, పట్టినప్పుడు గుంజకు," అంది.

ఆమే గ్రూపులో చెప్పినట్టుంది. బట్టలు కుట్టే వనపర్తి ఆమె మెసేజ్ పెట్టింది: గుండ్రం నీ అరచెయ్యి గుంత నిండేదాకనే పెంచు, ఆడ నుంచి పెంచకు, నిలువుగ దింపు. గట్టు పెద్దమ్మ గొంతు వచ్చింది: "హెదరబేడవ్వా, బిడ్డ మంచిగైతది." భయపడకు అంటోంది. ఎందుకో ఆ కన్నడ మాటే నాకు ఎక్కువ పనిచేసింది.

ఊపిరి వదిలినప్పుడల్లా ఒక కన్ను తీశాను. అమ్మ నా పక్కకు జరిగి ఉండ తన ఒళ్లో పెట్టుకుంది. నేను గుంజుకోకుండా, నాకు కావలసినంత దారం ముందే వదులుతూ కూర్చుంది. మా మధ్య ఆ జాగా ఎప్పుడు పోయిందో చూసుకోలేదు. లోపలి తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరం తలెత్తి, పిలిచింది మమ్మల్ని కాదని తెలిశాక మళ్లీ దించుకున్నాం.

కుల్ల తయారైంది. సూది మీద ఒక్క కన్ను మిగిలింది. దారం తెంపి ముడి వెయ్యాలి. నా చెయ్యి రాలేదు.

"ముడెయ్యి," అంది అమ్మ.

"తర్వాత ఏస్త."

"ముడెయ్యకుంట ఉతుకుతె ఊడిపోదా?"

ఊడిపోతుంది. అది నాకన్నా ఎవరికి బాగా తెలుసు? కానీ లోపలి బిడ్డ ఇంకా "సూడాలె" అన్నదగ్గరే ఉంది. నేను పిన్నీసు కోసం సంచి వెతుకుతున్నాను. చదువుకున్నదాన్ని, సామెతల మీద విసుక్కున్నదాన్ని, ఆ నిమిషాన నాగర్‌కర్నూల్‌లో నా అంత పిరికిది లేదు.

అప్పుడు అమ్మ నేల చూస్తూ అడిగింది. "నేను ఇప్పినందుకే గిట్లయిందా బిడ్డా?"

నేను బిత్తరపోయాను. ఇంతసేపూ ఆమె ఆ మాటే మింగుతూ కూర్చుందా! "లేదమ్మా," అన్నాను. "నేను అల్లినందుకు అనుకుంటున్న నేను."

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇద్దరికీ ఒకేసారి ఏడుపొచ్చింది. దాంట్లో కొంచెం నవ్వు కూడా కలిసింది, అక్కడ ఉన్నవాళ్లు మమ్మల్ని వింతగా చూశారు.

అమ్మ ముక్కు తుడుచుకుని నా చేతిలోంచి కుల్ల లాక్కుంది. దారం పళ్లతో తెంపింది. ఆ కన్నులోంచి కొస లాగి, వడ్ల మూటకు వేసినట్టు ముడి వేసింది. దాని మీద ఇంకో ముడి. దాని మీద ఇంకోటి. "సాలమ్మా, తలకు ఒత్తుకుంటది," అంటున్నా వినలేదు. ముడి ఉన్న వైపు పైకి వచ్చేటట్టు కుల్లను తిరగేయడం తప్ప నేను చేయగలిగింది లేకపోయింది. ఇంటికి ఆటోలో పోయి ఉతికి, మిద్దె మీద ఎండలో పెట్టి, ఆరేదాకా అక్కడే నిలబడి తెచ్చాను. నర్సమ్మ దాన్ని తీసుకుని, బొడిపెలాంటి ఆ ముడిని వేలితో నొక్కి చూసి లోపలికి వెళ్లింది.

ఆ రోజులు ఎట్లా గడిచాయో రాయడం నాకు చేతకాదు. ఒకరోజు "సూడాలె" అనడం మానేశారు. ఇంకొన్నాళ్లకు పాపను పాత ధోతి ముక్కలో చుట్టి, తలకు పసుపు కుల్లతో మా చేతికిచ్చారు.

దసరా సెలవులకు వెళ్లేసరికి పాప బుగ్గలు వచ్చి, నా సూది కోసం చెయ్యి చాపుతోంది. కుల్ల నడినెత్తి మీద కూడా నిలవడం లేదు. "అక్కా, ఇంకో నాల్గు వరుసలు అల్లి పెద్దగ చెయ్యరాదు?" అంది చెల్లె. వరుసలు పెంచాలంటే కొస ముడి విప్పాలి. సూదితో ప్రయత్నించాను, గోటితో, పిన్నీసుతో ప్రయత్నించాను. ముడి కదల్లేదు. కత్తెర అందుకున్నాను.

అమ్మ నా చేతిలోంచి కుల్ల తీసేసుకుంది. "పాపకు కొత్తది అల్లిపో, ఎంత పెద్దదన్న అల్లు. ఈ ముడి మాత్రం నేను ఇప్పనియ్య," అని బీరువా తెరిచి, పోయినసారి కొన్న ఆ గౌను మీద పెట్టి తాళం వేసింది.