పీలిక చుట్టిన వాచీ

ఎనభైల్లో, రెడ్డిగూడెంలోని మా మామిడితోట విరగకాసిన ఏడాది, బొంబాయి నుంచి స్విస్ వాచీ తెప్పించుకున్నాను. దాని స్టీలు చైను అద్దంలా మెరిసేది. నెల తిరక్కుండానే దాని మీద సన్నటి గీతలు పడ్డాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

చెక్కపెట్టెల్లో కాయలు సర్దుతున్న పెద్దావిడ మీద విరుచుకుపడ్డాను. "పెట్టెలు ఇలా అడ్డదిడ్డంగా పడేస్తే గీసుకుపోదా? ఎంత ఖరీదైన చైనో తెలుసా?"

ఆవిడ మా నాన్న కాలం నుంచీ మా తోటలో పనిచేస్తోంది. తొణక్కుండా, నేను అప్పుడే ఏరి పెట్టిన కుప్పలోంచి ఒక చిన్నరసం కాయ తీసి చూపించింది. తొక్క మీద మూడు గీతలు.

"మీ చైను గీసిందండీ. రేపటికి నల్లబడుద్ది, ఎల్లుండికి కుళ్లిపోద్ది."

అప్పుడు చూశాను ఆవిడ చేతులు. గాజులు పైకి తోసి, వాటి మీద పాత చీర పీలిక చుట్టుకుంది. అక్కడున్న ఆడవాళ్లందరి చేతులూ అంతే. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను గానీ, ఎందుకని ఒక్కసారైనా అడగలేదు.

"వాచీ ఇంట్లో పెట్టి రండి" అంది.

పెట్టనన్నాను. ముచ్చటపడి కొనుక్కున్నది, పెట్టుకునే పనిచేస్తానన్నాను. ఆవిడనే ఒక పీలిక అడిగి, వాచీ మొత్తం కనపడకుండా చుట్టి ముడేశాను.

సీజను అయ్యేదాకా తోటలో ఆ ముడి విప్పలేదు. టైమెంతండీ అని ఎవరడిగినా ఎండ చూసి చెప్పాను.