దళం అనే మాట, మొగులప్ప పేరు

పేరు మొగులప్ప. వయస్సు అరవై ఒక్క సంవత్సరాలు. నివాసం తాండూరు. వృత్తి నాపరాళ్లకు పాలిషు పట్టడం. నేను ఇతనిని ముప్పై నాలుగు సంవత్సరాలుగా ఎరుగుదును. వచ్చే ఆదివారం వికారాబాద్‌లో సమావేశం కానున్న జిల్లా క్రైస్తవ సంఘ కమిటీ వారు ఇతని విషయమై తీర్మానం చేయనున్నారు గనుక, ఎరిగినది ఎరిగినట్టు ఇందులో రాస్తున్నాను.

మొగులప్ప స్వస్థలం బంట్వారం. ఇరవై ఏళ్ల వయస్సులో తాండూరు వచ్చి రాళ్ల పనిలో చేరాడు. కోత యంత్రం కింద కుడిచేతి రెండు వేళ్లు పోయినవి. మిగిలిన వేళ్లతోనే ప్రతి శనివారం మధ్యాహ్నం చర్చి ఆవరణలో బాలురకు తాడు ముడులు నేర్పుతాడు. గాయానికి కట్టు కట్టడం, ఒక బైబిలు వాక్యం కంఠస్థం చేయడం, దసరా సెలవుల్లో అనంతగిరి కొండల్లో రెండు రోజుల శిబిరం, ఇదే కార్యక్రమం. ఖాకీ చొక్కా, మెడలో నీలం స్కార్ఫ్, చేతిలో కర్ర. కాగ్నా నది పొంగిన ఒక సంవత్సరం ఈ పిల్లలు కట్టిన తాడు పట్టుకొనే నలుగురు కూలీలు ఒడ్డుకు చేరారు. ఆ సంగతి ఇతడు ఎన్నడూ ఎవరికీ చెప్పుకోలేదు. ఆ నలుగురిలో ఒకరు చెప్పగా నేను విన్నాను.

స్కౌట్ల మాదిరి నడిచే దీనిని పిల్లలు ట్రూపు అంటారు. మరొక పేరు ఎన్నడూ లేదు. శిబిరం అనుమతి కోసం ఏటా దరఖాస్తు రాసేవాడిని నేను. కార్యాలయాల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు ఉత్తరాలకు నకళ్లు రాసినవాడిని గనుక ఆ పని నాకు అప్పగించారు. నిరుటి వరకు ఇంగ్లీషులో రాశాను. ఈ సంవత్సరం కొత్త ఫారం వచ్చింది, అన్నీ తెలుగులోనే పూరించాలన్నారు. నిఘంటువు చూశాను. ట్రూపు అన్నచోట దళం అని రాశాను. నాయకుని పేరు అన్నచోట "దళ నాయకుడు మొగులప్ప" అని రాశాను. ఇచ్చే శిక్షణ అన్నచోట "కర్రలతో కవాతు, అడవిలో దారి కనుగొనుట, రహస్య సంకేతములు" అని రాశాను. పిల్లలు ఆకులతో, గులకరాళ్లతో ఆడే ఆటను నేను రహస్య సంకేతములు అన్నాను.

అన్నల దళం వచ్చిందంటే తలుపులు మూసుకున్న కాలాన్ని మన ప్రాంతంలో నా వయస్సువారు మరువలేదు. ఆ మాట ఉన్న కాగితాలకు ఒకప్పుడు నేనే నకళ్లు రాశాను. అయినా నా చేయి ఆగలేదు.

దరఖాస్తుకు జవాబు రాలేదు. మూడవ శనివారం మోటారు సైకిలు మీద ఇద్దరు వచ్చారు. ఏ కార్యాలయం నుంచి వచ్చారో చెప్పలేదు. ఒకరు ఒక్కొక్క పిల్లవాని ముఖం దగ్గరగా ఫోటో తీశారు.

"దళ నాయకుడు ఎవరు?" అన్నారు రెండవవారు.

"మొగులప్ప అంటే నేనే సారు. గదేం దళం? మాది ట్రూపు."

"కాయితంల గట్లనే ఉన్నది మరి. అడవిల సంకేతాలు దేనికి?"

"ఆట సారు. తప్పిపోయిన పోరడు దారి తెలుసుకోనీకి."

ఆయన ఒక పిల్లవానివైపు తిరిగి పేరు అడిగారు. వాడు తారిఖ్ అన్నాడు.

"గీ చర్చిల నీకేం పని?"

"ముడులు నేర్చుకుంటున్న సారు."

ఇద్దరూ నవ్వి, ఏదో రాసుకొని వెళ్లిపోయారు. అంతవరకు పిల్లలు ఇరవై ఆరుగురు. మరుసటి శనివారం పంతొమ్మిదిమంది వచ్చారు. ఆ పై శనివారం పదకొండుమంది. వచ్చినవారు కూడా స్కార్ఫులు జేబుల్లో దాచుకొని వచ్చారు.

తరువాత ఫోను వచ్చింది. పద్నాలుగవ తేదీన మొగులప్ప వికారాబాద్‌కు హాజరు కావలెను. పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు, మతము రాసిన జాబితా తేవలెను.

ఆ ఆదివారం ఆరాధన అనంతరం చర్చి గదిలో మాట్లాడుకున్నాము. యువజన కార్యదర్శి చంద్రకాంత్ మార్పులు చదివాడు: పేరు మార్చడం, కర్రలు, కొండలు మానివేయడం, ఇకపై సంఘ కుటుంబాల బాలురనే చేర్చుకోవడం.

స్త్రీల సమాజం పెద్ద భాగ్యశ్రీ లేచింది. "ఆడపిల్లలను గూడ తీస్కోండ్రని మూడేండ్ల సంది మొత్తుకుంటున్న. పద్ధతి మారదంటిరి. ఇయ్యాల గేటు కాడ ఒక్క బండి ఆగంగనే అన్ని పద్ధతులు మారవట్టె!"

"అక్కా, జర ఆగు," అన్నాడు చంద్రకాంత్. "మొగులన్నా, నువ్వేమంటవ్?"

"పేరు మార్చుండ్రి. కర్రలు పక్కన వెడత. ఆడపిల్లలొస్తే మంచిదే. పోరగాండ్ల మతం మాత్రం నా చేత్తోటి రాయ."

"నీ చేతికి ఉన్నయే మూడు వేళ్లు, నువ్వెందుకు రాస్తవ్ తీ. పెద్దయ్య రాస్తడు," అన్నాడు చంద్రకాంత్ నన్ను చూపిస్తూ.

కొందరు నవ్వారు. మొగులప్ప కూడా నవ్వాడు.

అంతలో తారిఖ్ తాత గఫూర్ గుమ్మంలో నిలిచాడు. "మొగులన్నా, మావోని తోటి నీకు పరేషాన్ అయితున్నదంట. మాన్పియ్యమంటవా?"

"గఫూర్ భాయ్, నీళ్లల్ల వడ్డోన్ని గుంజే ముడి వానికింక రాలె. అది వచ్చినంక నీ ఇష్టం."

గఫూర్ వెళ్లిన పిదప చంద్రకాంత్ ఒక చిత్తు కాగితం నా ముందు పెట్టి, శుభ్రంగా రాయమన్నాడు. "సదరు దళమును మొగులప్ప స్వంతముగా నడిపినాడు. సంఘమునకు ఎట్టి సంబంధము లేదు." మొదటి వాక్యం రాసి ఆగాను. ఆ మాట నాదని, మొగులప్పది కాదని చెప్పాను.

"మాట ఎవరిదైతేంది పెద్దయ్యా," అన్నాడు చంద్రకాంత్ మెల్లగా. "కాయితం మీద పేరు ఆయనది."

ఆ కాగితం ఇప్పుడు టైపు అయి, మీ సంతకాల కోసం వస్తున్నది.

రాళ్ల యార్డు యజమాని ఈ వ్యవహారం తేలేవరకు పనికి రావద్దని మొగులప్పతో చెప్పాడు. ఇతని ఇంటి ఎదుటి టీ దుకాణంలో తెలియని మనిషి ఒకడు రోజూ కూర్చుంటున్నాడు. మొన్న ఆ ఇంటికి వెళ్లినప్పుడు ఇతని భార్య సత్యమ్మ ఒక సంచిలో రెండు చొక్కాలు, తువ్వాలు, షుగరు గోలీలు సర్దుతున్నది. ఎందుకని అడిగాను.

"రమ్మన్నోళ్లు ఎప్పుడు పొమ్మంటరో చెప్పలే పెద్దయ్యా," అన్నది.

కావున గౌరవనీయులైన కమిటీ సభ్యులకు నా విన్నపం. కార్యక్రమంలో ఏ మార్పులు చేయవలెనో అది మీ వివేకానికి సంబంధించినది. కాని సంబంధము లేదన్న ఆ కాగితంపై ఎవరూ సంతకం చేయరాదనియు, దరఖాస్తులోని దోషం పూర్తిగా నాదని నా సంతకంతో సంబంధిత కార్యాలయానికి తెలియపరచవలెననియు, మతము రాసిన జాబితా పంపరాదనియు కోరుతున్నాను. పద్నాలుగవ తేదీ ఉదయం మొగులప్ప వికారాబాద్‌కు వెళ్లునప్పుడు సభ్యులలో కనీసం ఇద్దరు అతని వెంట ఆ గదిలోకి ప్రవేశించి, అతడు బయటికి వచ్చువరకు అక్కడనే ఉండవలసినదిగాను, మూడవవానిగా నన్ను అనుమతించవలసినదిగాను మిక్కిలి వినయంతో ప్రార్థిస్తున్నాను.