భీమశంకరం గారు మింగేసిన మాట

భీమశంకరం గారి నోట మంచి మాట రాదని బందరులో ఆయన వీధి వీధంతా అనుకునేది. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తారు! ఉద్యోగమంతా బొగ్గు గనిలో సేఫ్టీ ఆఫీసరుగా భూమి కిందే గడిచిపోయింది. దిగే ముందు కార్మికులందరినీ నిలబెట్టి, "ఇవాళ మన మీదికి ఏం రావచ్చో చెప్పండి" అని, వాళ్లచేత కీడు పలికించాకే లోపలికి పంపేవారు. కర్రతో పైకప్పు తట్టి చూసేవారు. చప్పుడు డొల్లగా ఉంటే ఎవరెంత గింజుకున్నా పని ఆపించేసేవారు.

రిటైరయ్యాకా ఆ అలవాటు పోలేదు. ఒకసారి పెళ్లివారి బస్సు బయల్దేరుతుంటే టైరు చూసి, "ఇది దారిలో పేలుతుంది" అనేశారు. వాళ్లు బస్సు మార్చుకున్నారు గానీ ఆయన్ని మాత్రం తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. భార్య భ్రమరాంబ తల బాదుకుంది.

"ఇది గని కాదండీ! శుభమా అని పిలిస్తే కాస్త నోరు కట్టుకోండి."

ఆయన సరేనన్నారు.

ఆ తర్వాత గూడూరులో చిన్ననాటి స్నేహితుడు పున్నారావు గృహప్రవేశం వచ్చింది. ముహూర్తం ముంచుకొస్తోందని మేస్త్రి పోర్టికో శ్లాబు గట్టిపడకుండానే కింది కర్రలు పీకేశాడు. భీమశంకరం గారు చెప్పులు విప్పుతూ తలెత్తి చూశారు. శ్లాబు గోడను కలిసేచోట సన్నగా పగులు!

"ఒరేయ్ పున్నారావూ, ఈ శ్లాబు..." అనబోయారు.

భ్రమరాంబ మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. "అవతల పాలు పొంగుతున్నాయి, ఇప్పుడా ఆ పాడు మాటలు?"

భోజనాలయ్యాక చెబుదాంలే అనుకున్నారాయన. గనిలో ఎవరైనా ఆ 'లే' అనుంటే చెంప పగలగొట్టి ఉండేవారు.

చుట్టాలంతా లోపల విస్తళ్ల ముందు కూర్చున్నారు. ఆలస్యంగా వచ్చేవాళ్లను పిలవడానికి పున్నారావు ఒక్కడే పోర్టికోలో నిలబడ్డాడు. శ్లాబు కూలింది. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

పెద్దకర్మ నాడు భీమశంకరం గారు ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామనే వెళ్లారు. నోరు తెరిచేలోగా పున్నారావు భార్య అనసూయ బావురుమంది.

"శ్లాబు ముందే పగిలి ఉందట, ఆ పగులు మీ కంటపడినా ఆయన బతికేవారు అన్నయ్యగారూ! ఎవరేమనుకున్నా మీరు చెప్పకుండా ఉండేవారు కాదు."

ఆయన భ్రమరాంబ కేసి చూశారు. ఆమె నేల చూపులు చూస్తోంది.

"అవునమ్మా" అన్నారు భీమశంకరం గారు.