గేటు బయట మూడు రోజులు

ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానాలో దుప్పట్లు ఉతికే పనిలో చేరినప్పుడు నాకు ఒక్కటే భయం, మూడు నెలల ప్రొబేషన్ గడుస్తుందా అని. ఇల్లందు అవతల మా గూడెంలో నెల జీతం మీద పనిచేసిన ఆడమనిషి అప్పటిదాకా లేదు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. వారం కూడా ఉండనని మా అన్న పందెం కాశాడు.

రెండో నెలలో అమ్మకు చలిజ్వరం వచ్చింది. భద్రాచలం తీసుకుపోయి దవాఖానాలో చేర్చాను. మరి డ్యూటీ? నాట్లకైనా పత్తి ఏరడానికైనా మాకొక పద్ధతి ఉంది. వస్తానన్న మనిషి రాలేకపోతే ఇంట్లోంచి ఇంకొకరిని పంపాలి. నేను మా అన్న భార్యను పంపాను. సూపర్‌వైజర్ మేడంకు ఫోన్ చేయాలన్న ఆలోచనే రాలేదు. మనిషే పోతుంటే ఫోనెందుకు?

రోజూ సాయంత్రం దవాఖానా నుంచి వదినకు ఫోన్ చేసి అడిగేదాన్ని.

"డ్యూటీ ఎట్లైంది వదినా?"

"మంచిగనే అయింది. నువ్వు అత్త సంగతి చూస్కో."

నాలుగో రోజు పనికి వెళ్తే సూపర్‌వైజర్ మేడం నా ముందు ఒక కాగితం పెట్టింది. చెప్పకుండా మూడు షిఫ్టులు ఎగ్గొట్టాను కాబట్టి తీసేస్తున్నారట. సంతకం చేయాలట. ఒళ్లు మండింది.

"ఎగ్గొట్టుడేంది మేడం? మా వదినను పంపిన గదా."

"ఏ వదిన? ఎవ్వరూ పనికి రాలే."

మూడు రోజులు బస్సెక్కి ఈమె ఎక్కడికి పోయినట్టు? వదిన మీద కూడా కోపమొచ్చింది. పెన్ను తీసుకున్నాను. అప్పుడే రిజిస్టర్ ఇవ్వడానికి వచ్చిన వాచ్‌మన్ మా మాటలు విని ఆగాడు.

"ఆకుపచ్చ చీర ఆమెనా మేడం? మూడు దినాలు గేటు బయటనే కూసున్నది. లిస్టుల పేరు లేదు, లోపలికి రానియ్యనంటే, పిలిచినప్పుడే వస్త అన్నది. పొద్దున వచ్చుడు, షిఫ్టు అయినంక పోవుడు."

నా కోపమంతా ఏడుపైంది. మేడం ఆ కాగితం మడిచి సొరుగులో పెట్టింది.

"రేపటి సంది మల్ల మొదటి రోజు లెక్క. మూడు నెలలు. ఈసారి మనిషిని కాదు, ఫోన్ చెయ్యి."

ఇంటికి పోయి వదినను నిలదీశాను. ఆమె చింతపండు గింజలు తీస్తూ తలెత్తలేదు.

"చెప్తే అత్తను ఇడిసిపెట్టి ఉరికొస్తవు. నీ సంగతి నాకు తెల్వదా?"

ఆ మూడు నెలల్లో ఒక్క పూట తప్పలేదు. ఉద్యోగం ఖాయమైంది. ఎండాకాలంలో మడతలు పెట్టేచోట ఒక ఖాళీ వస్తే మేడమే వదినను అడగమంది. ఇప్పుడు ప్రొబేషన్ ఆమెది.

మొన్న వదినకు జ్వరమొచ్చింది. బస్సు రాకముందే ఫోన్ చేశాను.

"మా వదిన ఇయ్యాల రాదు మేడం. నా షిఫ్టు అయినంక ఆమెది కూడ నేనే చేస్త."

"అడుగుతున్నవా, చెప్తున్నవా?"

"చెప్తున్న. ఒద్దంటే గేటు కాడ కూసుంట."

మేడం నవ్వింది.

"లోపలికే రా తల్లీ."