మా లెక్కల మాస్టారి మొహమాటం

మా లెక్కల మాస్టారు పోయారు. రేపల్లె నుంచి ఫోను వచ్చేటప్పటికి నేను బాపట్లలో, తెలిసినవారి గృహప్రవేశంలో పురాణం చెబుతున్నాను. దేవుడు దోషం లేనివాడనీ, ఆయన మాట కాబట్టి శాస్త్రానికీ తప్పు అంటదనీ వివరిస్తున్న ఘట్టం. కబురు విని, మిగతాది రెండు ముక్కల్లో ముగించాను. తొందరగా ముగిసినందుకు అక్కడెవరూ బాధపడలేదు. భోజనాలు సిద్ధంగా ఉన్నాయి.

బళ్ళో నాకు రేఖాగణితం నేర్పింది ఆయనే. నేను రిటైరయ్యి, తెనాలిలో మా వీధి రామమందిరంలో ఆదివారాలు పురాణం చెప్పడం మొదలుపెట్టాను. ఆ సంగతి ఎలా తెలిసిందో, ఒక ఆదివారం రేపల్లె నుంచి రైలెక్కి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. శిష్యుణ్ణి చూసి మురిసిపోవడానికి వచ్చారనుకున్నాను. సగంలో చెయ్యెత్తారు.

“ఒరేయ్, దేవుడు పరిపూర్ణుడని ఎవరు చెప్పారు?”

“శాస్త్రం చెప్పిందండి.”

“శాస్త్రంలో తప్పు లేదని ఎవరు చెప్పారు?”

“దేవుడి మాట కాబట్టి...”

“అంటే పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుని నూటికి నూరు వేసుకున్నాడన్నమాట. మన బళ్ళో నువ్వట్లా చేస్తే ఊరుకునేవాణ్ణా?”

మందిరమంతా గొల్లున నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. వారమంతా జవాబు వెతుక్కుని, వచ్చే ఆదివారానికి సిద్ధమయ్యాను.

“మీ రేఖాగణితంలో స్వీకృతాలున్నాయి కదండీ. రుజువు లేకుండానే ఒప్పుకోమంటారు. వాటిని ఎవరు దిద్దారు?”

ఆయన తొడ చరిచారు. “అదీ! ఇన్నేళ్ళకి ఒక మంచి ప్రశ్న వేశావురా. కానీ ఒప్పుకున్న స్వీకృతాన్ని మధ్యలో మార్చకూడదు. నువ్వు దయామయుడంటావు, ఇబ్బందొస్తే లీలంటావు. కుదరదు.”

ఇంకోసారి, కొలబద్ద కన్నా కొలవాల్సింది పెద్దదైతే ఏం చేస్తామని అడిగాను.

“కొలవలేకపోయాం అని చెప్పాలి. కొలవకుండానే సంపూర్ణం అని రాసెయ్యకూడదు,” అన్నారు.

దొప్పలో చక్రపొంగలి పెడితే మాత్రం వద్దనేవారు కాదు. “దీనికి రుజువు అక్కర్లేదురా,” అంటూ వేళ్ళు కూడా నాకేసేవారు. ఇలా కొన్నేళ్ళు గడిచాయి. నిజం చెప్పాలంటే, మందిరంలో ఎంతమంది ఉన్నా నేను పురాణం చెప్పింది ఆ ఒక్కరికే.

తర్వాత ఊపిరితిత్తులు పాడై ఆయన మంచాన పడ్డారు. రైలెక్కడం నా వంతయింది. మంచం పక్కన కూర్చుని చదివితే, కళ్ళు మూసుకుని వినేవారు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి అందక నోరు తెరిచేవారు. ఒక వారం చదవడం అయ్యాక, “బాగుందిరా,” అన్నారు. ఆ మాట ఆయన నోట అంతకుముందెన్నడూ వినలేదు. మరుసటి వారమూ అదే మాట.

“ప్రశ్నలేం లేవాండీ?”

“లేవు. బాగుంది.”

వసారాలో మాస్టారి భార్య కాఫీ ఇచ్చి, గొంతు తగ్గించి చెప్పారు. “మొహమాటపడుతున్నారు నాయనా. ఇప్పుడు ఒక్క ప్రశ్నే మిగిలిందంట. ఆయన్ని ఈ స్థితిలో చూస్తా నువ్వు దానికి జవాబు చెప్పలేవంట. అందుకే అడగరంట.”

పెద్ద పెద్ద స్వాముల్ని కూడా నిలబెట్టి అడిగిన మనిషికి నా దగ్గర మొహమాటం! ఆ ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. దోషం లేనివాడు చేసిన లోకంలో గుక్కెడు గాలికి మనిషి ఇంత యాతన పడటం దేనికి? నేను మళ్ళీ లోపలికి వెళ్ళి, “అడగండి మాస్టారూ,” అనాల్సింది. రైలు టైమైందని బయల్దేరాను. గండం గడిచినట్టు తేలిగ్గా కూడా అనిపించింది. ఆయన్ని ఆ ప్రశ్నతో ఒంటరిగా వదిలేసి వచ్చినందుకు ఈ రోజుకీ సిగ్గుపడుతున్నాను. నాలుగు రోజులకే ఆయన పోయారు.

ఇప్పుడు ఆదివారాలు ప్రశాంతంగా ఉంటున్నాయి. ఏది చెప్పినా తలలూపుతారు. అంతమంది మధ్య నాకు చాలా ఒంటరిగా ఉంటోంది.

మొన్న ఆదివారం పుస్తకం మూసేసి, ఆ ప్రశ్న నేనే అడిగాను. “నాకు తెలియదండీ. మీలో ఎవరైనా చెప్పండి,” అన్నాను.

 ఒక పెద్దావిడ నవ్వింది.

“మీకు తెలియందేముంటదండీ, మమ్మల్ని పరీక్షించడానికి గానీ! కానివ్వండి బాబుగారూ, మీరే చెప్పండి.”

అందరూ చేతులు జోడించి, నా జవాబు కోసం చూస్తూ కూర్చున్నారు.