మైకులో పడ్డ మాట

స్నేహలత సిస్టరు గురించి తెనాలిలో ఆ వీధివాళ్లను ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు, దేవుణ్ణి నోటితో కాదు, చేత్తో నమ్మిన మనిషి అని. నిజమే. ముప్ఫై నాలుగేళ్లు సర్కారు ఆసుపత్రుల్లో నర్సుగా చేసి, రిటైరయ్యాక కూడా ఇంట్లో దూది, గాజుగుడ్డ, సెలైను సీసా నిండుకోనివ్వని మనిషి. కానీ ఆ మాట విన్నప్పుడల్లా ఆమె తల దించుకుంటుంది. అందరూ వినయం అనుకుంటారు. వినయం కాదు, సిగ్గు.

ఆమె పుట్టింది బాపట్ల పక్కన పల్లెలో. తండ్రి అంద్రెయ ఉపదేశి. సైకిలు మీద ఊరూరా తిరిగి వాక్యం చెప్పడం ఆయన పని. కూతురికి మాత్రం వేరే పాఠం చెప్పాడు. "అమ్మాయ్, దీపం డప్పు కొట్టుకోదు. వెలుగుతుంది, అంతే. చూసేవాళ్లు చూస్తారు," అనేవాడు. స్నేహలత ఆ మాట కొంగున ముడేసుకుంది. ఎవరికీ బోధించలేదు, కరపత్రాలు పంచలేదు. వార్డులో ఎవరూ ముట్టుకోని పుండ్లు కడిగింది. తన బతుకు చూసి నలుగురు మంచికి తిరిగితే చాలనుకుంది.

అయితే మనిషి కదా. ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ ఒక్కొక్కరే లేచి మైకు పట్టుకుని, తాము ఫలానా వాళ్లను దేవుడివైపు తిప్పిన వైనం చెబుతుంటే, చివరి వరసలో కూర్చున్న ఆమెకు లోపలెక్కడో చురుక్కుమనేది. "సిస్టరుగారూ, ఇన్నేళ్లలో ఒక్కళ్లనైనా ప్రభువు దగ్గరికి తెచ్చారాండీ?" అని ఒకావిడ ఓసారి నవ్వుతూ అడిగింది. అడిగినావిడ ఆ పూటే మర్చిపోయింది. స్నేహలత మర్చిపోలేదు.

ఎదురింటి మీరా మొహిద్దీన్ పెళ్లిళ్లకు బిర్యానీ వండే మాస్టరు. ఇటు దుగ్గిరాల నుంచి అటు కొల్లూరు దాకా ఆయన చేతి వంట లేని విందు తక్కువ. రెండేళ్ల కిందట ఎండాకాలంలో, కట్టెలపొయ్యి దగ్గర పనివాళ్లందరూ వట్టికాళ్లతో తిరుగుతుంటే ఆయనొక్కడే మేజోళ్లు, బూట్లు తొడుక్కుని ఉండటం ఆమె కంటపడింది. దగ్గరికెళ్తే వాసన తెలిసింది. నర్సు ముక్కు ఊరుకుంటుందా? మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి, "మీరా భాయ్, ఆ బూటు విప్పండి," అంది.

ఆయన భార్య సుల్తాన్ బీ వెళ్లి తలుపు గడియ పెట్టాక గానీ ఆయన విప్పలేదు. షుగరు పుండు. బొటనవేలి కింద రూపాయి బిళ్లంత గుంట పడింది.

"సిస్టరమ్మా, ఈ సంగతి బయటికి పొక్కిందంటే నా పొయ్యి ఆరిపోయినట్టే. కాలికి రసి కారేవాడు వండిన అన్నం ఎవరు తింటారండి?" అన్నాడు.

"నా నోట్లో నువ్వుగింజ నానుతుంది భాయ్. భయపడకండి," అంది స్నేహలత.

నానింది. నాలుగు నెలలు నానింది. రోజూ తెల్లవారగానే, ఇరుగుపొరుగుకి కూర ఇచ్చి వచ్చేదానిలా స్టీలు గిన్నెలో సామాను పెట్టుకుని వెళ్లేది. పుండు కడిగి, కట్టు కట్టి వచ్చేది. మతం మాట ఎత్తలేదు. ఒకరోజు ఆయనే ఎత్తాడు.

"కట్టు కట్టేటప్పుడు మీ పెదాలు కదులుతాయేంటమ్మా?"

"ప్రార్థన చేసుకుంటాను భాయ్. అలవాటు."

"అయితే నా పేరు కూడా కలపండి. దువా ఎవరు చేసినా దువాయే కదండీ."

స్నేహలతకు కళ్లు చెమర్చాయి. నాన్న చెప్పిన దీపం ఇదేననుకుంది. ఇంకో నెలకు పుండు మూసుకుంది. అక్కడితో ఆమె కూడా నోరు మూసుకుని ఉంటే ఈ కథ చెప్పాల్సిన పనే లేదు.

ఆ ఆదివారం చర్చిలో ఒకాయన కొత్త ఇల్లు కట్టుకున్నందుకు దేవుడికి స్తోత్రం చెప్పాడు. మార్బులు ఎక్కడ కొన్నదీ, ఎంత నునుపుగా ఉన్నదీ కూడా చెప్పాడు. స్నేహలతకు ఒళ్లు మండింది. ఇదీ ఒక సాక్ష్యమేనా అనుకుంది. పాస్టరుగారు "ఇంకెవరైనా?" అనేసరికి ఎన్నడూ లేవనిది లేచింది. పేరు చెప్పకూడదని మాత్రం జాగ్రత్తపడింది. "మా ఎదురింట్లో బిర్యానీ వండే ఒక ముస్లిం సోదరుడు" అని మొదలుపెట్టింది. ఒక వీధిలో బిర్యానీ మాస్టర్లు ఎంతమంది ఉంటారమ్మా తల్లీ! పుండు సంగతి చెప్పింది. రసి సంగతి చెప్పింది. ప్రార్థనలో తన పేరు కలపమని ఆయన అడిగిన సంగతీ చెప్పింది. హాలంతా హల్లెలూయా అంది. అప్పుడెప్పుడో నవ్విన ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. స్నేహలత అది చూసింది, చూసి సంతోషించింది. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఈనాటికీ ఆమెకు ముద్ద దిగదు.

చర్చి కప్పు మీద రెండు లౌడుస్పీకర్లున్నాయి. ఒకటి బజారువైపు, ఒకటి వాళ్ల వీధివైపు. ఏళ్ల తరబడి లోపల కూర్చున్నవాళ్లకు అవి ఉన్నట్టే గుర్తుండదు. ఆదివారం పొద్దునంటే మీరా మొహిద్దీన్ వరండాలో పెళ్లివాళ్లు కూర్చుని వంటలు మాట్లాడుకునే వేళ. ఆరోజు కొల్లూరువాళ్లు వచ్చి ఉన్నారు. మైకులో మాట అక్షరం పొల్లుపోకుండా వరండాలోకి వచ్చింది. వాళ్లు ఆయన ముఖం చూడలేదు, కాళ్లు చూశారు. టీ గ్లాసులు సగంలోనే కింద పెట్టి, "మళ్లీ కనుక్కుంటాం మాస్టారూ," అని లేచారు.

ఆ తరవాత ఎవరూ కనుక్కోలేదు. మసీదు దగ్గర కూడా "ఏంటి భాయ్, చర్చి మైకులో నీ కబుర్లేనంట" అని వేళాకోళాలు. రంజాను నెల రాకముందే ఆయన ఇల్లు ఖాళీ చేసి, రేపల్లెలో బావమరిది షఫీ పెట్టుకున్న చికెన్ పకోడీ బండి దగ్గర పనికి కుదిరాడు. సామాను ఆటో ఎక్కిస్తుంటే స్నేహలత వాళ్ల గుమ్మంలో నిలబడి ఏడ్చింది.

"తప్పు చేశాను సుల్తాన్ బీ. వచ్చే ఆదివారం అందరి ముందూ ఒప్పుకుంటాను."

సుల్తాన్ బీ కోపంగానైనా చూడలేదు. "మళ్లీ మైకులోనా అక్కా?" అంది.

స్నేహలతకు అప్పుడు తెలిసొచ్చింది. తప్పు ఒప్పుకోవాలన్నా ఆయన కాలు మళ్లీ పదిమంది ముందు పెట్టాల్సిందే. కనీసం ఏడ్చి చెప్పుకుని బరువు దించుకునే దారి కూడా తనకు తాను మూసేసుకుంది.

పోయిన డిసెంబరులో మీరా మొహిద్దీన్ కూతురు సిమ్రాన్ ఫోను చేసింది. "అబ్బాకి తెలీకుండా చేస్తున్నానాంటీ. పొద్దస్తమానం బండి దగ్గర నిలబడి కాలు మళ్లీ పుండు పడింది. రెండు వేళ్లు తీసేశారు."

ఆ గురువారమే స్నేహలత రేపల్లె రైలెక్కింది. సుల్తాన్ బీ కుర్చీ వేసింది, టీ ఇచ్చింది. మర్యాదకు లోటు లేదు. మంచం మీద కూర్చున్న మీరా మొహిద్దీన్ కాలికి వంకరటింకరగా కట్టు ఉంది. అది చూసి ఆమె చేతులు ఊరుకోలేక ముందుకు వంగింది. ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు.

"వద్దులేమ్మా. షఫీ కడతాడు."

అయినా ప్రతి గురువారం వెళ్లింది. ఆ కాలు ఇంకొకసారి తన చేతికి ఇస్తే చాలు, ఈ జన్మకి ఇంకేమీ అడగనని దేవుడితో చెప్పుకుంది. గాజుగుడ్డ, మందు సుల్తాన్ బీ చేతిలో పెట్టి, కట్టు ఎలా కట్టాలో చెప్పి తిరుగు రైలెక్కేది.

చర్చిలో పాస్టరుగారు ఆదివారం ఆదివారం మైకు ఆమెవైపు చాస్తూనే ఉన్నారు. "లేదండి," అని తల అడ్డంగా ఊపుతుంది. "సిస్టరు చల్లారిపోయిందండి, మునుపటి ఆత్మీయత లేదు," అని నలుగురూ అనుకున్నారు. ఆమెను మళ్లీ మండించమని ఇంటికొచ్చి ప్రార్థన కూడా చేసి వెళ్లారు. స్నేహలత అందరికీ టీలిచ్చి పంపింది. కారణం చెప్పలేదు. చెప్పుకుంటే తన మీది మాట పోతుంది, పోయి మళ్లీ ఆయన మీద పడుతుంది.

పదకొండో గురువారం మీరా మొహిద్దీన్ ఉన్నట్టుండి అడిగాడు.

"మొన్న చర్చికెళ్లారా సిస్టరమ్మా?"

"వెళ్లాను భాయ్."

"మైకు ఇచ్చారా?"

"ఇచ్చారు."

"ఏం చెప్పారు?"

"ఏమీ లేదన్నాను."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. తరవాత నెమ్మదిగా కాలు ముందుకు చాచాడు. స్నేహలత నేల మీద కూర్చుని కట్టు విప్పింది. మూడు వేళ్లే మిగిలి ఉన్నాయి. రోజూ చూసి ఉంటే ఐదూ ఉండేవని ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు. పుండు కడిగింది. అలవాటుగా పెదాలు కదలబోయాయి. భయపడి బిగించుకుంది.

ఆయన అది గమనించాడు.

"చేసుకోండమ్మా," అన్నాడు. "నాక్కూడా వినపడనివ్వకండి."